మరిగే నీటిలో అతిథి

మా తమ్ముని పన్నెండవనాటి కర్మ ముగిసిన సాయంకాలం వాని కుమార్తె నా దగ్గరకు వచ్చి కూర్చున్నది. అది 2021 మే నెల. బంధువులు వచ్చిపోగలిగిన కాలం కాదు కనుక ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నది. ఆ పిల్లకు అప్పటికి పదిహేడేళ్లు. కొంతసేపు గోడకేసి చూసి, "పెదనాన్నా, అన్నిటిలోనూ భగవంతుడు ఉన్నాడని మీరు చెబుతుంటారు కదా. ఆ వైరస్‌లో కూడా ఉన్నాడా?" అని అడిగింది.

ముప్ఫై ఏళ్లుగా గీతాపారాయణం చేస్తున్నవాడిని. ఉపనిషత్తుల మీద నలుగురిలో మాట్లాడిన అలవాటు ఉన్నవాడిని. సమాధానానికి తడుముకోలేదు. సర్వాంతర్యామిత్వం, ప్రారబ్ధం, నిమిత్తమాత్రత్వం, అన్నీ వరుసగా చెప్పాను. ఆమె పూర్తిగా విన్నది. "సరే పెదనాన్నా" అని లేచి లోపలికి వెళ్లింది. ఆ 'సరే'లో ఉన్నంత తిరస్కారాన్ని నేను ఏ శాస్త్రగ్రంథపు పూర్వపక్షంలోనూ చూడలేదు.

నిజానికి ఆ సమాధానం నాకే చేరలేదు. తమ్ముని ముఖాన్ని చివరిసారి చూసే అవకాశం కూడా మాకు దక్కలేదు. అస్థికలు మాత్రం చేతికి అందాయి. ప్రాణమున్నదో లేదో కూడా తేల్చి చెప్పలేని ఒక రేణువు మీద నాకు ద్వేషం పుట్టింది. సాధకుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడవలసిన మాటే అయినా చెబుతున్నాను. నాటినుండి పారాయణలో పదవ అధ్యాయం ముగించి, విశ్వరూప సందర్శన యోగాన్ని విడిచి, పన్నెండవ అధ్యాయానికి వెళ్లిపోయేవాడిని. ఆ కరాళ వదనాలను చూసే ధైర్యం లేకపోయింది. రెండేళ్లపాటు ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

2023 వేసవిలో అమెరికాలో ఉన్న మా అబ్బాయి నన్ను ఎల్లోస్టోన్ ఉద్యానవనానికి తీసుకువెళ్లాడు. అక్కడ నారిస్ అనే ఉష్ణకుండాల లోయ ఉన్నది. నేలంతా పాలిపోయి, ఎక్కడికక్కడ ఆవిరులు చిమ్ముతూ, గంధకపు వాసనతో నిండి ఉంటుంది. కొయ్యతో వేసిన నడకదారి దిగరాదని అడుగడుగునా హెచ్చరికలు. అక్కడి కుండాలలో చాలావాటి నీరు కేవలం వేడిదే కాదు, తీవ్రమైన ఆమ్లం కూడా. దాన్ని చూస్తూ నిలబడినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఎల్లోస్టోన్ కాదు, యమునోత్రి.

చాలా ఏళ్ల క్రితం తమ్ముడూ నేనూ యమునోత్రికి వెళ్లాము. అక్కడి సూర్యకుండంలో యాత్రికులు బియ్యాన్ని గుడ్డలో మూటగట్టి ముంచి, ఉడికిన అన్నాన్ని ప్రసాదంగా తీసుకుంటారు. మూట దారాన్ని పట్టుకొని తమ్ముడు, "అన్నయ్యా, ఈ నీళ్లలో ఏ పురుగైనా బతుకుతుందంటావా?" అన్నాడు. "అగ్ని సర్వశుద్ధి కదరా, అక్కడ ఇంకేం బతుకుతుంది?" అన్నాను. వాడు నమ్మాడు. అన్నగారి మాట కదా.

నేను తప్పు చెప్పానని నారిస్‌లోని ఒక సూచనాఫలకం చెప్పింది. ఆ మరిగే ఆమ్లంలో సూక్ష్మజీవులు సుఖంగా జీవిస్తాయి. అంతేకాదు, ఆ జీవులకు కూడా వైరస్‌లు ఉన్నాయని మా అబ్బాయి మాటల మధ్య అన్నాడు. ఆ ఒక్క మాట నన్ను పట్టుకున్నది. నేను చదివింది సంస్కృతం. విజ్ఞానశాస్త్రం నా విషయం కాదు. అయినా మిగిలిన సెలవు రోజులన్నీ అబ్బాయి తెచ్చిపెట్టిన పుస్తకాలతో, వ్యాసాలతో గడిచాయి. అర్థం కానివి వాడిని అడిగి రాసుకున్నాను.

1960లలో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త ఎల్లోస్టోన్ కుండాలలో జీవం కోసం వెదకడం ప్రారంభించాడు. 1969లో ఆయన, ఆయన విద్యార్థి కలిసి లోకానికి తెలియజేసిన ఒక ఉష్ణప్రియ బ్యాక్టీరియా నుండి వచ్చిన ఎంజైమే తరువాతి కాలంలో పీసీఆర్ పరీక్షకు ఆధారమయింది. తమ్ముని ముక్కులోనుండి తీసిన నమూనాలో ఆ వ్యాధి ఉన్నదని తేల్చింది ఆ పరీక్షే. ఈ వాక్యం చదివి పుస్తకం మూసి చాలాసేపు బయట తిరిగివచ్చాను.

1972లో బ్రాక్ బృందమే సల్ఫోలోబస్ అనే మరొక జీవిని వర్ణించింది. దానికి 75, 80 డిగ్రీల సెల్సియస్ వేడిమి హాయి. నిమ్మరసమంత పుల్లని నీరు దానికి ఇల్లు. బయట అంతటి ఆమ్లం ఉన్నా తన లోపలి ద్రవాన్ని దాదాపు తటస్థంగా నిలుపుకుంటుంది. పొర ఒకటే అడ్డు, లోపలికీ బయటికీ ఆమ్లత్వంలో వేల రెట్ల తేడా. చూడడానికి బ్యాక్టీరియా వలె ఉండే ఇటువంటి జీవులు అసలు బ్యాక్టీరియాలే కావని 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. కణంలోని ప్రోటీన్లను తయారుచేసే యంత్రాంగపు ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూసి వారు ఈ మాట అన్నారు. బ్యాక్టీరియా ఒక వంశం, మనమూ వృక్షాలూ జంతువులూ ఒక వంశం, ఇవి మూడవ వంశం. వీటికి ఆర్కియా అనే పేరు నిలిచింది.

వీటి వైరస్‌ల కోసం బయలుదేరినవారిలో ప్రముఖుడు వోల్‌ఫ్రామ్ జిల్లిగ్. మ్యూనిక్ దగ్గర మార్టిన్స్‌రీడ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో జీవరసాయన శాస్త్రవేత్త. ఐస్‌లాండ్ వంటి చోట్ల ఉడుకు బురదలోనుండి నమూనాలు తోడి తెచ్చి, ప్రయోగశాలలో ఆ జీవులను పెంచి, వాటిలో ఏమేమి దాగి ఉన్నాయో చూసేవాడు. వైరస్‌లంటే ఎట్లా ఉంటాయో అప్పటికి అందరికీ తెలిసిన రూపాలు కొన్ని ఉన్నాయి. ఇక్కడ దొరికినవి వాటికి లొంగలేదు. ఒకటి కండె ఆకారంలో, ఒకటి కడ్డీవలె, ఒకటి సీసావలె, ఒకటి తీగచుట్టవలె. ఈ జీవుల మీద పనిచేసినవారు పాత పేర్లు చాలక కొత్త కుటుంబాలనే కల్పించవలసి వచ్చింది.

వాటిలో నన్ను నిలువునా ఆపింది ఒక్కటి. ఇటలీలో నేపుల్స్ నగరానికి సమీపంలో పొజ్జువోలి అనే ఊరు ఉన్నది, అగ్నిపర్వతపు నేల. అక్కడి ఉష్ణకుండంలో 85 డిగ్రీలు దాటిన వేడిమిలో జీవించే ఒక ఆర్కియాలో ఈ వైరస్ దొరికింది. జిల్లిగ్ దగ్గర పనిచేసి, తరువాత పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు వెళ్లిన డేవిడ్ ప్రాంగిష్విలి, ఆయన సహచరులు 2005లో దీన్ని లోకానికి తెలిపారు. కణంలోనుండి వెలువడినప్పుడు ఇది నిమ్మకాయ ఆకారంలో ఉంటుంది. తోక ఉండదు. బయటికి వచ్చిన తరువాత, ఆ వేడి నీటిలో, రెండు మొనల నుండి రెండు తోకలు పెరుగుతాయి. అవి పెరిగేకొద్దీ నడిమి దేహం చిక్కిపోతుంది.

ఇందులో వింత ఏమిటని మీరు అనుకోవచ్చు. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను. వైరస్ గురించి మనకు బడిలో చెప్పింది ఒకటే: కణం లోపల ఉన్నంతసేపే దాని వ్యాపారం, బయటికి వస్తే అది రాయివంటిది. తినదు, శ్వాసించదు, పెరగదు, మారదు. ఇదేమో బయటికి వచ్చిన తరువాత మారుతున్నది. శాస్త్రజ్ఞులు దాన్ని శుద్ధిచేసి, చుట్టూ ఒక్క కణం కూడా లేకుండా, ఆహారం లేకుండా, శక్తినిచ్చే పదార్థమేదీ చేర్చకుండా పరీక్షించారు. తన స్వస్థానపు వేడిమి ఒక్కటి అందితే చాలు, తోకలు మొలిచాయి. చల్లని చోట ఉంచితే అట్లాగే నిమ్మకాయవలె పడి ఉన్నది.

తైత్తిరీయం అన్నమయం, ప్రాణమయం అని కోశాలను ఒకదానిలో ఒకటిగా చూపిస్తుంది. వైరస్‌కు అన్నమయ కోశం ఉన్నదనవచ్చు. ప్రాణమయం లేదని నేను నిశ్చయించుకొని ఉన్నాను. ఆ నిశ్చయం నాకు అవసరమయింది కూడా. ప్రాణం లేనిదైతే దానిలో అంతర్యామిని వెదకనక్కరలేదు. ప్రమాదంలో మీద పడిన బండరాయివంటిది అని సరిపెట్టుకోవచ్చు. ఎవరో తలుపు తట్టినట్టు పొజ్జువోలి నిమ్మకాయ వచ్చి ఆ గోడను కదిలించింది. దానికి ప్రాణం ఉన్నదని నేను అనడం లేదు. శాస్త్రజ్ఞులూ అనడం లేదు. 'ఇక్కడివరకు జడం, ఇక్కడినుండి చేతనం' అని నేను గీసుకున్న గీత, గదిలోని చల్లదనంలో కూర్చొని గీసుకున్నదని మాత్రం తెలిసింది. 85 డిగ్రీల దగ్గర ఆ గీత నా చేతిలో లేదు.

ఛాందోగ్యంలో ఉద్దాలకుడు మర్రివిత్తనాన్ని చీల్చమని, ఏమి కనబడుతున్నదని అడిగినప్పుడు శ్వేతకేతువు ఏమీ లేదంటాడు. ఈ కథను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ నేను ఉద్దాలకుని పక్కనే కూర్చున్నట్టు చెప్పాను. నిజానికి నా చోటు శ్వేతకేతువు పక్కన.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. నేను తిరిగివచ్చిన తరువాత సత్సంగంలో ఈ విశేషాలు చెబితే ఒక పెద్దమనిషి ఉత్సాహంగా, "జరాయుజ, అండజ, స్వేదజ, ఉద్భిజ్జాలలో స్వేదజం అంటే ఇదేనండీ! ఉష్ణం వల్ల పుట్టేవి! మనవాళ్లకు ముందే తెలుసు" అన్నారు. నాకు ఆ మాట రుచించలేదు. స్వేదజాలంటే మన పెద్దలు ఉద్దేశించింది పేలూ నల్లులూ దోమలూ. ఆ విభాగం కూడా అంతటా ఒకటి కాదు. ఐతరేయం నాలుగు చెబితే ఛాందోగ్యం మూడే చెబుతుంది. ఋషులు సూక్ష్మదర్శిని లేకుండా వైరస్‌ను చూశారని చెప్పడం వారికి గౌరవం కాదు. వారు వెదకినది వేరు. ఆ వెదకిన దానికి మనం ఇచ్చే గౌరవం, మన తరంలో కనబడినదాన్ని కూడా వారంత నిజాయితీగా చూడడమే అని నా అభిప్రాయం. ఆయన నొచ్చుకున్నారు, మరునాడు వెళ్లి కాఫీ తాగి వచ్చాను.

మళ్లీ విషయానికి వస్తాను. ఈ తోకల వైరస్ నివసించే జీవికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అసిడియానస్ కన్వివేటర్. కన్వివేటర్ అంటే లాటిన్‌లో విందునిచ్చేవాడు, గృహమేధి. వైరస్ చేరే జీవిని మన తెలుగు పాఠ్యపుస్తకాలలో కూడా ఆతిథేయి అనే అంటారు. పేరుపెట్టినవారు కొంత చమత్కారంగానే పెట్టి ఉంటారు. శిక్షావల్లిలో ఆచార్యుడు శిష్యునికి చివరగా చెప్పే మాటలలో అతిథిని దైవంగా చూడమన్నది ఒకటి కదా. నేను అక్కడే ఆగిపోయాను. అతిథి ఎవరో తెలిసి ఆహ్వానించడం వేరు. మా తమ్ముడు ఎవరినీ పిలవలేదు. కూరగాయలకు వెళ్లివచ్చాడు, అంతే.

జపాన్‌లో బెప్పు అనే ఊరి ఉష్ణకుండంలోని సల్ఫోలోబస్‌లో 1984లో జిల్లిగ్ బృందం వర్ణించిన కండె ఆకారపు వైరస్ అతిథిధర్మాన్ని చక్కగా పాటిస్తుంది. ఆతిథేయి డీఎన్‌ఏలోనే తన డీఎన్‌ఏను చేర్చుకొని ఒదిగి ఉంటుంది. అతినీలలోహిత కాంతి తగిలితే మేల్కొని తన రూపాలను అనేకంగా తయారుచేస్తుంది. అప్పుడు కూడా ఇంటిని కూల్చదు. పొరనుండి మొగ్గల వలె విడివడి వెళ్లిపోతుంది, ఆతిథేయి బతికే ఉంటుంది. ఇది చదివి నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. ఇదిగో సామరస్యం, ఇదిగో ప్రకృతి హృదయం అనుకున్నాను. పిల్లకు ఉత్తరం రాయాలని కూర్చున్నాను కూడా.

రాయలేదు. తరువాతి పుట తిప్పితే ఐస్‌లాండ్ కుండాల సంగతి ఉన్నది. అక్కడి కడ్డీ ఆకారపు వైరస్ ఒకటి, మరిగే ఆమ్లంలో చెక్కుచెదరకుండా తన డీఎన్‌ఏను కాపాడుకునే తీరు 2015లో బయటపడింది. మన కణాలలో డీఎన్‌ఏ సాధారణంగా ఉండే మెలికలో కాక, నీరు తగ్గినప్పుడు అది పొందే బిగువైన వేరొక మెలికలో దాన్ని నిలిపి, చుట్టూ ప్రోటీను చుట్టుకొని ఉంచుతుంది. సరే, ఇది రక్షణ. కానీ ఆతిథేయిలో చేరిన తరువాత అది చేసే పని వేరు. ఆతిథేయి డీఎన్‌ఏ ముక్కలవుతుంది. కణపు పొరమీద ఏడు ముఖాల శిఖరాలు లేస్తాయి. సరిగ్గా ఏడు. లోపల వైరస్‌లు సిద్ధమయ్యాక ఆ శిఖరాలు ఏడు రేకుల పువ్వువలె విచ్చుకుంటాయి. ఆ ద్వారాలనుండి అతిథులు వెళ్లిపోతారు. మిగిలేది ఖాళీ గుల్ల. 2009లో దీన్ని కనుగొన్నారు. సూక్ష్మదర్శినిలో తీసిన ఆ చిత్రం చూశాను. అంత అందమైనదాన్ని నేను ఏ గోపురం మీదా చూడలేదు. అది ఒక మరణం చిత్రం.

ఒకే కుండం. ఒకే అగ్ని. ఒక అతిథి ఇంటిని నిలిపిపోతాడు, ఒకడు పువ్వు పూయించి చంపిపోతాడు. నాకు అనుకూలమైన పుటను ఏరుకొని దానికి భగవంతుని పేరు పెట్టడం మొదలుపెడితే, పన్నెండవనాడు ఆ పిల్లకు నేను ఇచ్చిన సమాధానానికి ఇది రెండవ ప్రతి అవుతుంది. సౌమ్యరూపం ఒక్కటే భగవంతుడైతే పదకొండవ అధ్యాయం ఎందుకు? రెండేళ్లుగా నేను చేస్తున్నది అదే: చదవవలసిన పుటను తిప్పెయ్యడం.

మరొక మాట కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. ఎల్లోస్టోన్ కుండంలో దొరికి 2004లో వెలుగుచూసిన ఒక వైరస్ కవచంలోని ప్రోటీను మడత తీరు, మనుషులకు జలుబు తెచ్చే అడినోవైరస్‌లోని మడతనూ, బ్యాక్టీరియాలను పట్టే ఒక వైరస్‌లోని మడతనూ పోలి ఉన్నది. మూడు వంశాలు, మూడింటి అతిథుల ఒంటిమీద ఒకే నేత. ఆ మూడు వంశాలు విడిపోకముందే ఈ అతిథుల పూర్వికులు ఉండి ఉండవచ్చునని దాన్ని పరిశీలించినవారి ఊహ. అంటే మన ఇంటికి వచ్చిన అతిథి ఇల్లు కట్టకముందునుంచీ ఉన్నవాడు కావచ్చు. శత్రువు అనే మాట పలకడానికి కూడా కొంత కొత్తదనం కావాలి, బయటినుండి రావాలి. ఇంత పాతదాన్ని ఏమని పిలవాలో నాకు తెలియలేదు.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు అంతర్యామిని చెప్పేటప్పుడు భూమి, నీరు, అగ్ని అని ఒక్కొక్కటిగా ఎత్తుకొని, వాటిలో ఉన్నవాడిని అవి ఎరుగవని చెబుతాడు. ఎరుగవు అన్న మాట మీద నేను ఇన్నేళ్లు ఎప్పుడూ నిలవలేదు. ఉన్నాడు అన్న మాట మీదే నిలిచాను. ఆ పిల్ల అడిగిన రోజు ఎరుగనివాళ్లలో నేనూ ఒకడిని. ఎరిగినట్టు మాట్లాడాను.

ఆ చలికాలంలో ఒకరోజు ఆమె ఫోను చేసింది. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది. మాటల్లో ఎల్లోస్టోన్ ఎట్లా ఉన్నదని అడిగింది. నేను గంధకపు వాసన దగ్గర మొదలుపెట్టి, యమునోత్రిలో వాళ్ల నాన్న అడిగిన ప్రశ్న, నేను చెప్పిన తప్పు సమాధానం, పొజ్జువోలి నిమ్మకాయ, ఏడు రేకులు, అన్నీ చెప్పాను. వేదాంతం ఒక్క ముక్క చెప్పలేదు. చివరికి ఆమే, "అయితే దానిలో ఉన్నాడంటారా, పెదనాన్నా?" అన్నది.

"నాకు తెలియదమ్మా. ఆ రోజు తెలిసినట్టు చెప్పాను. ఇప్పుడు చూస్తున్నాను, అంతే."

అవతల కొంతసేపు మాట లేదు. "ఆ రోజే ఈ మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది" అన్నది. ఆ గొంతులో కోపం ఉన్నది. రెండున్నరేళ్లు దాచుకున్న కోపం. తరువాత, "ఆ తోకల సంగతి ఇంకోసారి చెప్పండి. అక్కడ నిజంగా ఇంకేమీ లేదా? ఒక్క కణం కూడా?" అని అడిగింది. లేదని చెప్పాను. మొదటినుంచీ మళ్లీ చెప్పాను.

నిరుడు వైశాఖంలో తమ్ముని ఆబ్దికం మా ఇంట్లోనే జరిగింది. పురోహితులు రావడానికి ఇంకా వ్యవధి ఉన్నది. నేను పారాయణకు కూర్చొని పదవ అధ్యాయం ముగించి, పుట తిప్పాను. కొన్ని శ్లోకాల దగ్గర గొంతు ఆగింది. వంటింటిలో మా ఆవిడకు తోడుగా ఆ పిల్ల పిండాలకు అన్నం వండుతున్నది. గిన్నెలో ఎసరు కుతకుతమంటున్న చప్పుడు ఇవతలికి వినబడింది. నేను ఆగిన శ్లోకాన్ని మొదటినుంచి అందుకున్నాను.